ఎరువు ఎక్కువైన పెరటి మొక్కలు

ఇంటి వెనుక రెండు సెంట్ల ఖాళీ చోటు గల కుటుంబమునకు అది చిన్న పొలముతో సమానము. ఒక వరుస వంగ, ఒక వరుస టమాట, మడి నిండ తోటకూర, పందిరిపై బీరతీగ, ప్రహరీ వెంట బెండ మొక్కలు ఉన్నచో వారమున నాలుగు రోజులు ఆ ఇంటివారికి కూరల అంగడితో పని ఉండదు. నగరములలో ఈ పెరడు మిద్దెపైకి ఎక్కినది. అచ్చట మట్టి తొట్లలోను, ప్లాస్టిక్ డబ్బాలలోను అవే మొక్కలు పెరుగుచున్నవి. ఈ చిన్న తోటలకు పురుగు వలన, కోతుల వలన, ఎండ వలన కలుగు నష్టములను గూర్చి అందరును ఎరుగుదురు. పెంచినవారి ప్రేమ వలననే కలుగు నష్టము మరియొకటి కలదు. మొక్క త్వరగా ఎదుగవలెనని వేసిన ఎరువే ఎక్కువై దానిని మాడ్చివేయును. అట్లు మాడకుండ కాపాడు మార్గమును, మాడిన మొక్కను తిరిగి కోలుకొనునట్లు చేయు మార్గమును ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

మొదట లక్షణములను చూతము. ఎరువు వేసిన మరునాటి నుండి వారము రోజులలోపుగా ముదురాకుల కొనలు గోధుమరంగుకు తిరుగును. అచ్చటి నుండి ఆ రంగు ఆకు అంచుల వెంబడి లోపలికి ప్రాకును. అంచులు కాగితము కాలినట్లు పెళుసెక్కును. మట్టి తడిగా ఉన్నను మొక్క మధ్యాహ్నమునకు తల వాల్చును. నేలపైనో, తొట్టి అంచుననో తెల్లని ఉప్పు పొర కనబడవచ్చును. లేత మొలకలైనచో కాండము నేలను తాకుచోట నల్లబడి, నడుము విరిగినట్లు పడిపోవును. వేరును తీసి చూచినచో తెల్లగా ఉండవలసిన పిల్లవేళ్లు గోధుమవన్నెకు వచ్చి చివికిపోయి ఉండును.

ఇది చూచి మన పల్లెలలో “మందు వేడి చేసినది” అందురు. ఆ మాటలో అనుభవము కలదు గాని, కారణము వేడి కాదు, దాహము. ఇది ఎట్లు జరుగునో మన వంటయింటనే చూడవచ్చును. మాగాయ పెట్టునపుడు మామిడికాయ ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఉంచుదురు. ఒక్క చుక్క నీరు పోయకున్నను మూడవనాటికి జాడీ నిండ ఊట నిలుచును. ముక్కలు మెత్తబడి ముడుచుకొని ఉండును. ఆ ఊట అంతయు ముక్కలోనిదే. ముక్క వెలుపల ఉప్పు ఎక్కువగను, లోపల తక్కువగను ఉన్నందున నీరు లోపలి నుండి వెలుపలికి నడచినది. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవాభిసరణము అందురు.

మొక్క వేరు బ్రతుకుట కూడ ఈ సూత్రము పైననే ఆధారపడి ఉన్నది. మట్టిలోని నీటికంటె వేరులోని రసము చిక్కగా ఉండుట వలన నీరు మట్టి నుండి వేరులోనికి పోవును. యూరియాయో, పొటాషో గుప్పెడు తెచ్చి మొదట పోసినచో మట్టినీరే వేరురసముకంటె చిక్కనగును. అప్పుడు నీరు లోనికి పోవుట కష్టమగును. మరీ ఎక్కువైనచో వేరులోని నీరే వెలుపలికి వచ్చును. తడి నేలలో నిలిచియుండియు మొక్క దాహముతో ఎండుచున్నదన్న మాట. ఆకు కొనలు నీటి దారికి చిట్టచివర ఉన్నవి కావున అవియే ముందుగా మాడును.

యూరియా విషయమున మరియొక హానియు కలదు. మట్టిలో అది అమోనియాగా మారును. ఒక్కచోట కుప్పగా పడినచో ఆ అమోనియా వాయువు ఎక్కువై మొలకెత్తు గింజను, లేతవేరును చంపివేయును. సున్నపుపాలు ఎక్కువగా ఉన్న నేలలలో ఈ హాని మరింత ఎక్కువ. పొయ్యి బూడిదను యూరియాతో కలిపి వేయువారు కొందరు కలరు. బూడిద క్షారగుణము గలది. రెండును కలిసినచో అమోనియా త్వరగా వెలువడి, అటు మొక్కకు హాని, ఇటు ఎరువునకు నష్టము కలుగును.

ఇంతటి హాని ఇంత సులభముగా ఎందుకు జరుగుచున్నది? మన చేతికి పాత కొలత అలవాటైపోయినది. తరతరములుగా మనము పశువుల ఎరువును గంపలతో వేసినవారము. చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి సుమారు అర పాలు మాత్రమే. గంపెడు వేసినచోట రెండు గంపలు పడినను మొక్కకు ఏమియు కాదు. 1951లో సింద్రీ కర్మాగారము నుండి అమోనియం సల్ఫేటు రాసాగినది. దానిలో నత్రజని నూటికి ఇరువది పాళ్లకు కొంచెము ఎక్కువ. ఆ తరువాతి కాలమున దాని చోటును ఆక్రమించిన యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజనియే. లెక్క వేసినచో ఒక్క కిలో యూరియా సుమారు 90 కిలోల పశువుల ఎరువుతో సమానము. అనగా ఆరు గంపల బరువు ఒక చిన్న పొట్లములో ఇమిడినది. ఎరువు ఇట్లు మారినను గుప్పెడు మాత్రము మారలేదు.

ఆ గుప్పెడును ఎకరపు లెక్కతో సరిచూతము. ఎకరమునకు ఒక దఫాకు ఒక బస్తా, అనగా నేటి 45 కిలోల బస్తా యూరియా వేసిరనుకొందము. సెంటుకు 450 గ్రాములు వచ్చును. సెంటుకు 48 చదరపు గజములకు కొంచెము ఎక్కువ గనుక గజమునకు 9 గ్రాములు మాత్రమే. టమాట మొక్కలు చదరపు గజమునకు సుమారు మూడు పట్టును. కావున ఒక మొక్కకు 3 గ్రాములు. తలకొట్టి కొలచిన చిన్న టీ చెంచాలో యూరియా నాలుగు గ్రాములకు కొంచెము తక్కువగా పట్టును. అనగా మొక్కకు ముప్పాతిక చెంచా చాలును. గుప్పెటలో ఎంత లేదన్నను 40 గ్రాములు ఉండును. మూడు మొక్కలకు మూడు గుప్పెళ్లు వేసినచో గజమునకు 120 గ్రాములైనది. ఆ లెక్కను ఎకరమునకు పెంచినచో దాదాపు పదమూడు బస్తాలు! ఏ రైతును ఎకరము చేనికి ఒక్కనాడు పదమూడు బస్తాల యూరియా చల్లడు. పెరటిలో మాత్రము ఆ పని ఎవరి కంటను పడకుండ జరిగిపోవుచున్నది.

ఎరువులన్నియు ఒకే తీరున మాడ్చునవి కావు. సోడియం నైట్రేటు కలిగించు ఉప్పుదనమును నూరుగా పెట్టుకొని తక్కిన వానిని దానితో పోల్చు పద్ధతిని 1943లో అమెరికా శాస్త్రజ్ఞులు ఏర్పరచిరి. ఆ కొలత ప్రకారము బరువుకు బరువుగా చూచినచో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 116, యూరియా 75, అమోనియం సల్ఫేటు 69, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 46. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 8 మాత్రమే. కావున సూపర్ ఫాస్ఫేటు వలన మొక్క మాడుట అరుదు. పొటాష్, యూరియాల వద్ద మాత్రము చేయి వణకవలెను.

నేలను బట్టియు భేదము కలదు. నల్లరేగడి బంకమన్ను కొంత ఎరువును తనలో పట్టి ఉంచి మెల్లగా ఇచ్చును. ఎర్రచల్కలకును, ఇసుక నేలలకును ఆ శక్తి తక్కువ. అందువలన అచ్చట అదే మోతాదు ముందుగా కాటు వేయును. తొట్లలో ప్రమాదము అన్నిటికంటె ఎక్కువ. వేరు తప్పించుకొని పోవుటకు చోటు లేదు, ఉప్పు దిగిపోవుటకు లోతు లేదు. బోరునీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో నీరే సగము ఉప్పును తెచ్చి పెట్టును. మొక్కలలోను ఓర్పు వేరువేరుగా ఉండును. చిక్కుడు జాతివి, ఉల్లి, కారట్ త్వరగా దెబ్బ తినును. మిరప కొంచెము మేలు. టమాట ఇంకను ఓర్చును.

సేంద్రియ ఎరువులు వేయువారికి ఈ బెడద లేదనుకొనుట పొరపాటు. పచ్చి కోళ్లపెంట యూరియా వలెనే మొక్కను మాడ్చును. వేరుశనగ చెక్కలో నత్రజని నూటికి ఏడు పాళ్ల వరకు ఉండును. దానిని పొడిచేసి మొదట పోసినచో అది కుళ్లునపుడు వేడియు, అమోనియాయు పుట్టి వేళ్లను చంపును. పెంటను కొన్ని నెలలు మాగనిచ్చి, చెక్కను నాననిచ్చి పలుచన చేసి వాడవలెను.

ఇక జాగ్రత్తలు. ఎండిన నేలలో ఎరువు వేయరాదు. ముందు తడి పెట్టి, నేల ఆరి పదునుకు వచ్చినపుడు వేసి, వెంటనే మరల తేలికగా తడి పెట్టవలెను. మొక్క మొదటిలో ఎన్నడును పోయరాదు. చిన్న మొక్కకు బెత్తెడు దూరమున, ఎదిగిన మొక్కకు జానెడు దూరమున చుట్టును చిన్న కాలువ తీసి, దానిలో సమముగా చల్లి మట్టి కప్పవలెను. ఆకులపైనను, మొవ్వులోను పడిన గుళికలను అప్పుడే దులిపివేయవలెను. విత్తనము వేయు చాలులో యూరియా కలుపరాదు. నారు నాటిన నాడు కూడ వేయక, వేరు పట్టుకొని క్రొత్త ఆకు తొడిగిన తరువాతనే వేయవలెను. వేయవలసిన మొత్తమును ఒకేసారి గాక మూడు నాలుగు దఫాలుగా పంచవలెను. తొట్టి మొక్కలకు గుళికలు మాని, లీటరు నీటిలో రెండు మూడు గ్రాములు కరగించి, తడి మట్టిపై పోయుట మేలు. ఆకులపై చల్లునపుడు లేత కూరగాయలకు లీటరుకు ఐదు గ్రాములు మించరాదు. అదియు ఎండలో గాక సాయంకాలము చల్లవలెను.

ఇంత జాగ్రత్త పడినను మొక్క మాడినదనుకొందము. చికిత్సకు ముందు రోగమును నిర్ణయించుకొనవలెను. పొటాష్ లోపించినపుడు కూడ ముదురాకుల అంచులు మాడును. అది చూచి పొటాష్ వేసినవారు ఎరువు వలన మాడిన మొక్కకు మరింత ఉప్పు పెట్టినవారగుదురు. లోపము వారముల తరబడి మెల్లగా కనబడును. ఎరువు దెబ్బ ఎరువు వేసిన కొలది రోజులలోనే, వేసిన చాలు వెంబడి అన్ని మొక్కలలోను ఒక్కసారిగా కనబడును. టమాట, వంగలలో తడి నేలలోనే పచ్చిగా వడలిపోవు బాక్టీరియా ఎండుతెగులు వేరొకటి కలదు. అనుమానమున్నచో ఒక మొక్క కాండమును మొదటి వద్ద కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని తేట నీటిలో కదలకుండ నిలుపవలెను. కొన్ని నిముషములలో పాలవంటి తెల్లని దారము నీటిలోనికి జారినచో అది తెగులు. ఆ మొక్కను పీకి తీసివేయుట తప్ప మార్గము లేదు.

ఎరువు దెబ్బయే అయినచో మొట్టమొదటి పని మట్టిపై ఇంకను కరగక ఉన్న గుళికలను, తెల్లని పొరను, పై అంగుళము మట్టితో సహా గీకి తీసివేయుట. రెండవది నీరు. అడుగు లోతు మట్టిలోని ఉప్పు సగమునకు తగ్గవలెనన్నచో ఆరు అంగుళముల నీరు ఆ మట్టి గుండా దిగిపోవలెనని నేల శాస్త్రజ్ఞుల లెక్క. పన్నెండు అంగుళములు దిగినచో ఐదింట నాలుగు పాళ్లు పోవును. ఆరు అంగుళములనగా చదరపు గజమునకు సుమారు ఎనిమిది బిందెలు. ఇదంతయు ఒక్కసారి కుమ్మరింపరాదు. రెండు బిందెలు పోసి, ఇంకిన తరువాత మరల రెండు పోయుచు, ఒక పూటలోనో రెండు పూటలలోనో ముగించవలెను. ఇసుక నేలలో ఈ పని సులభము. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లును గనుక ముందుగా ప్రక్కన ఒక కాలువ త్రవ్వి, మురుగు పోవుటకు దారి చేయవలెను. తొట్టి అయినచో అడుగు రంధ్రము మూసుకొనకుండ చూచి, తొట్టి పట్టు నీటికి మూడు నాలుగింతలు మెల్లగా పోసి, క్రింద పళ్లెములో చేరిన నీటిని పారబోయవలెను. బోరునీరు ఉప్పనైన చోట వాననీరో, కాలువ నీరో వాడవలెను. జిప్సం చల్లుట వలన ఈ దెబ్బ మానదు. అది చౌడు నేలకు మందు.

మూడవది నీడ. వేరు సరిగా నీరు త్రాగలేని కాలమున ఆకుకు ఎండ భారము. తాటాకులో, పలుచని గోనెపట్టలో నాలుగైదు రోజులు మధ్యాహ్నపు ఎండకు అడ్డు పెట్టవలెను. మొదటి చుట్టు ఎండుగడ్డి పరచినచో తడి ఆరక, ఉప్పు తిరిగి పైకి ఎక్కకుండును. మాడిన భాగము తిరిగి పచ్చబడదు. అట్లని సగము పచ్చగా ఉన్న ఆకులను తుంచరాదు. ఆ పచ్చదనమే మొక్కకు ఇప్పుడు అన్నము పెట్టుచున్నది. పూర్తిగా ఎండినవానిని మాత్రమే తీయవలెను. కాయలున్నచో కోసివేసి భారము తగ్గించవలెను.

నాలుగవది ఓర్పు. మొక్క నీరసముగా ఉన్నదని ఏ టానిక్కును, ఏ ద్రావణమును పోయరాదు. రెండు మూడు వారములు నీరు తప్ప మరేమియు వలదు. మాడిన ఆకులను గాక, క్రొత్తగా వచ్చు చిగురును చూచుచుండవలెను. చిగురు అంచు శుభ్రముగా, పచ్చగా విచ్చినచో వేరు తిరిగి పని చేయుచున్నదని అర్థము. తరువాతి దఫా ఎరువును సగము మోతాదుతో ప్రారంభించవచ్చును. మొదలు నల్లబడి విరిగిన మొలకలు కోలుకొనవు. వానిని తీసి, పైన చెప్పినట్లు నీరు పెట్టి, తిరిగి విత్తుటకు ముందు ఆ మట్టిలో పది పెసలు వేసి చూడవలెను. నాలుగైదు రోజులలో చక్కగా మొలచి, వేళ్లు తెల్లగా ఉన్నచో మడి సిద్ధమైనట్లే. కొనలు మాడినచో మరియొక పర్యాయము నీరు పెట్టవలెను.

ఈ చికిత్సకు ఒక మూల్యము కలదని మరువరాదు. ఒక సెంటు మడి అంతయు ఇట్లు కడుగవలెనన్నచో ఆరువేల లీటర్ల నీరు కావలెను. వేసవిలో ట్యాంకరు నీరు కొనుక్కొను వీధులలో అది ఎంత ఖర్చో మీకు తెలియును. మరియు మొక్క వద్ద నుండి తొలగిన నత్రజని మాయము కాదు. నైట్రేటుగా మారి నేలలోనికి దిగి, పెరటి బావినో బోరునో చేరవచ్చును. త్రాగు నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదని భారతీయ ప్రమాణము. అది మించిన నీటితో కలిపిన పోతపాలు ఆరు నెలల లోపు పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గించును. నత్రజని అతిగా వేసిన తోటకూర, పాలకూరల ఆకులలో కూడ నైట్రేటు పేరుకొనును. మన పెరటి కూర శుభ్రమైనదని మనము నమ్ముదుము. ఆ నమ్మకమును నిలుపుకొనుట మన చేతిలోనే ఉన్నది. కావున మాడిన తరువాత కడుగుటకంటె మాడకుండ వేయుటయే ఇంటికిని, బావికిని క్షేమము.

దీనికి ఖరీదైన సాధనమేదియు అక్కరలేదు. చిల్లర కొట్టులోని చిన్న త్రాసుపై ఒక్కసారి మీ ఎరువు చెంచాను నింపి తూచి, అది ఎన్ని గ్రాములు పట్టునో ఒక చీటీపై వ్రాసి డబ్బాకు అంటించుడు. ఆ చెంచాను వంటకు వాడక డబ్బాలోనే ఉంచి, డబ్బాను పిల్లలకు అందని చోట పెట్టుడు. ఇకమీదట మీ ఇంట ఎవరు ఎరువు వేసినను గుప్పెటతో గాక ఆ చెంచాతోనే వేయవలెనని మా మనవి.